నెలకు 15 లక్షలు అని అచ్చు వేసే ముందు

బెంగళూరులోని నర్సింగ్, పారామెడికల్ కాలేజీల యాజమాన్యాలకు, వారి తరఫున మన ఊళ్లు తిరిగే అడ్మిషన్ ఏజెంట్లకు ఒక ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నర్సు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓటీ నర్సుని. మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ ముగించి ఇక్కడ ఉద్యోగంలో చేరి 16 ఏళ్లయింది. అందులో 13 ఏళ్లుగా అనస్థీషియా వైపే ఉన్నాను. అంటే ఆపరేషన్ జరిగేటప్పుడు మత్తు డాక్టరు పక్కన నిలబడి పనిచేసే నర్సుని. మీకు ఈ లేఖ రాయడానికి కారణం ఒక బ్రోచర్.

మొన్న మే నెలలో మా పెద్దనాన్న కొడుకు తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పిల్ల బైపీసీలో మంచి మార్కులతో ఇంటర్ పాసైంది. చేతిలో మీలో ఒకరి కాలేజీ బ్రోచర్ ఉంది. నున్నటి కాగితం, వెనక అమెరికా జెండా. లోపల తెలుగులోనే ఇలా ఉంది: "బీఎస్సీ అనస్థీషియా చదవండి. అమెరికాలో నర్స్ అనస్థటిస్ట్‌గా నెలకు 15 లక్షలు సంపాదించండి." నర్స్ అనస్థటిస్ట్ అంటే అమెరికాలో రోగికి తానే మత్తు ఇచ్చే నర్సు. ఏజెంటు వాళ్ల ఊరికే వచ్చి, అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, సీటు ఖాయం చేసుకుని వెళ్లాడట. మొదటి ఏడాది ఫీజు కోసం అన్న చెనిక్కాయ వేసే రెండెకరాల మీద అప్పు తెచ్చాడు. లక్షా 20 వేలు అప్పటికే కట్టేసి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అప్పజెప్పి, ఆ తర్వాత మా ఇంటికి వచ్చాడు.

"ఏమ్మా, నువ్వు చేసేదీ ఆ పనే కదా. ఇక్కడ నీకెంత ఇస్తారు?" అని అడిగాడు.

చేరినప్పుడు 6,500 అని, ఇప్పుడు కోతలు పోను 41 వేలు చేతికొస్తాయని చెప్పాను. అన్న ఏమీ అనలేదు. బ్రోచర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్ల మాత్రం "మరి ఇందులో ఉన్నది అబద్ధమా అత్తా?" అంది.

అబద్ధమని చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ అంకె నిజమే. అమెరికా కార్మిక శాఖ గణాంకాల విభాగం 2023 మే లెక్కల్లో నర్స్ అనస్థటిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 2,12,650 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. డాలరు 83 రూపాయలనుకుంటే నెలకు 14 లక్షల 70 వేలు. పన్నులు కట్టక ముందు మాట ఇది. మీరు దాన్ని 15 చేశారు, దానికి నేను తగువు పెట్టుకోను. నా తగువంతా ఆ అంకె పక్కన మీ కోర్సు పేరు రాయడం గురించే.

మీరు ఆ పిల్లకు అమ్మిన కోర్సు బీఎస్సీ అనస్థీషియా అండ్ ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ. మంచి కోర్సే. మా ఓటీలో ఆ చదువు చదివినవాళ్లు ఉన్నారు. మత్తు మిషన్ గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు వాళ్లలో చాలామంది. కానీ అది నర్సింగ్ డిగ్రీ కాదు. అది చదివినవాళ్లు నర్సుగా నమోదు కాలేరు, ఇక్కడి స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లోనూ కాలేరు, అమెరికాలోనూ కాలేరు. అమెరికాలో నర్స్ అనస్థటిస్ట్ కావాలంటే మొదటి మెట్టు రిజిస్టర్డ్ నర్సు కావడం. ఆ మెట్టే లేని దారిని మీరు ఆ ఇంటికి చూపించారు. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆ పిల్లకు ఈ సంగతి తెలిసి ఉంటే, మళ్లీ మొదటి నుంచి నాలుగేళ్ల నర్సింగ్‌లో చేరాల్సి వచ్చేది. ఈలోపు అన్న పొలం మీద వడ్డీ పెరుగుతూనే ఉండేది.

మీలో నర్సింగ్ కాలేజీలు నడిపేవాళ్లు, ఈ మాట మాకు వర్తించదనుకోవద్దు. బీఎస్సీ నర్సింగ్ చదివినా దారి ఎంత పొడుగో మీరు చెప్పడం లేదు. మీ అడ్మిషన్ కౌంటర్లో ఎవరూ చెప్పరు గనక నేనే చెబుతాను.

నాలుగేళ్ల నర్సింగ్ అయ్యాక మన చదువు వాళ్ల చదువుకు సరితూగుతుందో లేదో పత్రాల పరిశీలన జరుగుతుంది. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, పిల్లల వార్డులో ఎన్ని గంటలు, ప్రసూతిలో ఎన్ని, మానసిక రోగుల దగ్గర ఎన్ని అని కాలేజీ నుంచే నేరుగా వివరాలు పోవాలి. తర్వాత అమెరికా నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష. దాన్ని బెంగళూరులోనే రాయొచ్చు. ఇంగ్లిష్ పరీక్ష ఒకటి. అక్కడితో నర్సు అర్హత వస్తుంది, వీసా రాదు. సాధారణ నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మామూలుగా దొరకదు, ఎక్కువమంది గ్రీన్ కార్డు దారిలోనే వెళ్లాలి. ఆ వరుసలో ఇండియాలో పుట్టినవాళ్ల వంతు పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. నాతో చదివిన ఇద్దరు ఆ వరుసలో నిలబడ్డారు. ఒకామె ఆగలేక గల్ఫ్ వెళ్లిపోయింది. ఇంకొకామె పెద్ద కొడుకు హైస్కూలుకి వచ్చాడు, ఫైలు ఇంకా కదులుతూనే ఉంది.

సరే, వెళ్లారనుకుందాం. అక్కడ మామూలు రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వేతనం, అదే 2023 లెక్కల్లో, ఏడాదికి 86,070 డాలర్లు. అది చిన్న డబ్బు కాదు. అక్కడి నుంచి రెండున్నర రెట్ల జీతానికి ఎక్కాలంటే ముందు కనీసం ఏడాది ఐసీయూ అనుభవం కావాలి, అదీ అమెరికా ఐసీయూలోనే. బెంగళూరులో ఎంత పెద్ద ఐసీయూలో ఎన్నేళ్లు చేసినా ఆ లెక్కలోకి రాదు. తర్వాత కనీసం మూడేళ్ల చదువు. 2022 నుంచి కొత్తగా చేరే వాళ్లందరికీ అది డాక్టరేట్ స్థాయి చదువే. ఆ మూడేళ్లలో కనీసం 600 కేసులకు స్వయంగా మత్తు ఇవ్వాలి, 2,000 గంటలు రోగుల దగ్గర శిక్షణలో గడపాలి. ఆ చదువు నడుస్తుండగా ఉద్యోగం చేయడం చాలా కష్టం. అంటే మూడేళ్లు జీతం ఉండదు, పైగా ఫీజులు లక్ష డాలర్లు దాటే చోట్లు చాలా ఉన్నాయి. అది ముగిశాక జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, రాష్ట్రం లైసెన్సు. 17 ఏళ్ల పిల్ల ఇవన్నీ ఏ ఆటంకమూ లేకుండా దాటినా, ఆ 15 లక్షలు మొదటిసారి చేతికందేసరికి 35 దాటే అవకాశమే ఎక్కువ. వెళ్లిన వాళ్లున్నారు. వెళ్లాలనుకునే పిల్లల్ని నేను ఆపను కూడా. మీ బ్రోచర్‌లో ఈ 18 ఏళ్లు ఎక్కడా లేవనే నా బాధ.

ఇక అంత జీతం వాళ్లకు ఎందుకు ఇస్తారన్న ప్రశ్న. మా ఓటీలో కూడా దీని మీద చాలా మాటలు నడుస్తుంటాయి. "అమెరికాలో డబ్బులెక్కువ గనక" అని తేల్చేస్తారు చాలామంది. డబ్బుంటే సరిపోదు. ఆ జీతం వెనక వాళ్ల సొంత కష్టంతో పాటు నూరేళ్లకు పైబడిన పోరాటం ఉంది. అక్కడ 1870ల నుంచే నర్సులు ఈథర్, క్లోరోఫాం ఇచ్చేవారు. సర్జన్లు ఆపరేషన్ మీద దృష్టి పెట్టాలంటే మత్తు చూసుకోవడానికి ఒక నమ్మకమైన మనిషి కావాల్సి వచ్చింది. అప్పుడు ఆ పనికి రాబడి లేదు గనక డాక్టర్లు పెద్దగా రాలేదు. తర్వాత డాక్టర్లు వచ్చారు. నర్సు మత్తు ఇవ్వడం చట్ట విరుద్ధమని 1930లలో కాలిఫోర్నియాలో కోర్టుకెక్కారు. డాగ్మార్ నెల్సన్ అనే నర్సు ఆ కేసులో నిలబడి గెలిచింది. 1931లో వాళ్లు సొంత సంఘం పెట్టుకున్నారు. 1986లో వచ్చిన చట్టం వల్ల, వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ నుంచి నర్స్ అనస్థటిస్ట్ తన పేరు మీదే నేరుగా బిల్లు వేసే హక్కు వచ్చింది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అసలు కీలకం ఇదే.

అక్కడ మత్తుకు లెక్క ఎలా కడతారంటే, ఒక్కో ఆపరేషన్‌కు ఇన్ని యూనిట్లని ఉంటుంది. దాని మీద ప్రతి 15 నిమిషాలకు ఒక యూనిట్ కలుస్తుంది. మొత్తాన్ని ఒక రేటుతో హెచ్చిస్తారు. మత్తు డాక్టరు ఒకేసారి నాలుగు గదుల దాకా పర్యవేక్షిస్తూ, గదిలో నర్స్ అనస్థటిస్ట్ ఉంటే, ఆ డబ్బు చెరి సగం. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నర్సే పూర్తిగా చేస్తే మొత్తం ఆ నర్సు పేరు మీదకే వస్తుంది. అంటే ఆసుపత్రి లెక్కల పుస్తకంలో ఆమె ఖర్చుగా మాత్రమే కనబడదు, రాబడిగా కూడా కనబడుతుంది. జీతం మాట్లాడుకునే రోజున ఆమె చేతిలో ఒక అంకె ఉంటుంది. నేను నా హెచ్‌ఆర్ ముందు కూర్చున్నప్పుడు నా చేతిలో ఏముంటుంది? ఏటా కొత్తగా వచ్చే వందల మంది పిల్లల రెజ్యూమేలు ఆయన చేతిలో ఉంటాయి.

అక్కడ కూడా అందరికీ ఒకే జీతం లేదు. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2001 నుంచి రాష్ట్రాలు కోరుకుంటే మెడికేర్ పెట్టిన డాక్టరు పర్యవేక్షణ షరతు నుంచి తప్పుకోవచ్చు, అయోవా మొదటిది. డాక్టర్లు వెళ్లని మారుమూల ఆసుపత్రుల్లో మత్తు బాధ్యత మొత్తం నర్సుదే అయ్యే చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ మనిషి దొరకడమే కష్టం గనక ఎక్కువ ఇస్తారు. రాత్రి పిలిస్తే వచ్చే డ్యూటీ తీసుకుంటే వేరు, పగలు మాత్రమే నడిచే చిన్న సర్జరీ సెంటర్లో చేస్తే వేరు. కొందరు ఉద్యోగంలో ఉండకుండా కాంట్రాక్టు మీద గంటల లెక్కన చేస్తారు. వాళ్ల అంకె పెద్దగా కనబడుతుంది, కానీ బీమా, సెలవులు, యాజమాన్యం వాటా పన్ను అన్నీ వాళ్లే భరించాలి. ఇంటర్నెట్‌లో మీరు చూసి బ్రోచర్ మీదకు ఎక్కించే అతి పెద్ద అంకెలు ఎక్కువగా ఇలాంటి కాంట్రాక్టువే. ఇంకో ముఖ్యమైన మాట. ఆ కోర్సు చెప్పే చోట్లు అమెరికా మొత్తానికి 200 కూడా లేవు. ప్రతి సీటుకూ సరిపడా కేసులు చూపించలేకపోతే అనుమతి ఉండదు.

మన దగ్గర ఎలా ఉందో మీకూ తెలుసు. ఇక్కడ మత్తు ఇవ్వాల్సింది అందులో అర్హత ఉన్న డాక్టరే. నర్సు స్వతంత్రంగా మత్తు ఇచ్చే ఏర్పాటు మన దేశంలో లేదు. పల్లెల్లో సిజేరియన్లకు మత్తు డాక్టర్లు దొరక్క తల్లులు ఇబ్బంది పడుతున్నారని ప్రభుత్వం ఆలోచించినప్పుడు కూడా, ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల శిక్షణ ఇచ్చే దారి ఎంచుకుంది, నర్సుల వైపు చూడలేదు. అది తప్పని నేను అనడం లేదు. రోగి ప్రాణం మీద ప్రయోగాలు నేనూ కోరుకోను. 1889లో హైదరాబాదులో, క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి వేసిన క్లోరోఫాం కమిషన్ ప్రయోగాలు జరిగినప్పుడు ప్రపంచమంతా మన వైపు చూసింది. అదే ఊళ్లో రూపాబాయి ఫర్దూంజీ అనే ఆమె ఆ రోజుల్లోనే మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసింది. మత్తు విషయంలో మన నేలకు ఇంత చరిత్ర ఉందని మా జూనియర్లకు చెబుతుంటాను. ఆ చరిత్రలో నర్సుకు మాత్రం ఒక పేరూ లేదు, ఒక హోదా కూడా లేదు.

పని మాత్రం ఉంది. మొదటి కేసు 8 గంటలకైతే మేం 7కే ఓటీలో ఉండాలి. ఆక్సిజన్ పైపులో ప్రెషర్ చూడాలి, పైపు పోతే వాడే సిలిండర్ నిండుగా ఉందా చూడాలి, సర్క్యూట్ లీకవుతుందేమో చూడాలి. రోగి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే సోడాలైమ్ తెల్లగా ఉందా, ఊదా రంగుకు తిరిగిందా చూడాలి. తిరిగిందంటే ఆ కార్బన్ డయాక్సైడే మళ్లీ రోగికి పోతున్నట్టు. గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందా, ట్యూబ్ కఫ్ ఉబ్బుతోందా, సక్షన్ పనిచేస్తోందా అన్నీ చూడాలి. మందులు సిరంజిల్లోకి తీసి, ఒక్కోదానికి లేబుల్ అతికించాలి. ప్రొపోఫాల్ తెల్లగా పాలలా ఉంటుంది గనక గుర్తుపట్టొచ్చు, మిగతావి దాదాపు అన్నీ నీళ్లలాగే ఉంటాయి, లేబుల్ తప్పితే అంతే. మత్తుమందుల చట్టం కిందికి వచ్చే నొప్పి మందు ఫెంటానిల్ అయితే ఖాళీ ఆంప్యూల్ కూడా లెక్క అప్పజెప్పాలి. ట్యూబ్ దిగక, మానిటర్‌లో ఆక్సిజన్ 90 కిందికి జారిపోతూ, డాక్టరు చెయ్యి చాపిన క్షణంలో, ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ బూజీ ఆ చేతిలో ఉండాలి. "ఎక్కడుంది" అని వెతికే సమయం ఉండదు. 13 ఏళ్లలో ఇలాంటి క్షణాలు ఎన్ని చూశానో లెక్క లేదు. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సయించదు.

ఇంకో పని కూడా ఉంది, దానికి జీతం పట్టీలో గడి లేదు. అనంతపురం, కర్నూలు, కడప నుంచి బెంగళూరుకు వైద్యానికి వచ్చే మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మా ఆసుపత్రిలో తెలుగు రోగి ఓటీ బల్ల మీద వణుకుతుంటే నన్నే పిలుస్తారు. "వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయంట కదమ్మా" అని అడిగే పెద్దాయనకు చెయ్యి పట్టుకుని చెప్పాలి. పొద్దున ఇడ్లీ తిని, తిట్టిపోస్తారని తినలేదని చెప్పిన మనిషి నుంచి నిజం రాబట్టాలి. కడుపులో తిండి ఉంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోవచ్చు. ఆ నిజం కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో అడిగితే బయటికి రాదు.

మరి జీతం ఎందుకు పెరగదు? డాక్టరు ఫీజు బిల్లులో వేరే వరుసలో ఉంటుంది. మా పని ఓటీ చార్జీల్లో కలిసిపోతుంది. అది ఒక కారణం. రెండో కారణం చెప్పడానికే మీకు ఈ లేఖ. మా జీతాలు నేలకు అంటుకుని ఉండటంలో మీ కాలేజీల పాత్ర ఉంది.

మీరు ఆసుపత్రులతో ఒప్పందాలు చేసుకుంటారు. కొన్నిచోట్ల కాలేజీ, ఆసుపత్రి రెండూ ఒకే యాజమాన్యానివి. ఇంటర్న్‌షిప్ పేరుతో పిల్లలు ఏడాది పాటు ఓటీల్లో పనిచేస్తారు. స్టైపెండ్ ఉండదు, లేదా హాస్టల్ ఫీజుకు సరిపోదు. నేర్పడానికి మనిషి ఉండి, నేర్చుకోవడానికి కేసు ఉంటే దాన్ని చదువు అనొచ్చు. నలుగురు ఇంటర్న్‌లను నాలుగు గదుల్లో పెట్టి, ఒక స్టాఫ్‌ను నాలుగింటికీ పరుగెత్తించడాన్ని ఏమనాలి? ఇంటర్న్‌లు దొరుకుతున్నంత కాలం ఆ ఆసుపత్రికి జీతమిచ్చి స్టాఫ్‌ను తీసుకోవాల్సిన అవసరం రాదు. ఆ ఇంటర్న్ పాసై ఉద్యోగానికి వచ్చేసరికి ఆమె ఖాళీ చేసిన చోటును ఆమె జూనియర్ జీతం లేకుండా నింపేసి ఉంటుంది. మీ దగ్గర చదివిన పిల్లకు మీ దగ్గర చదువుతున్న పిల్లే పోటీ. ఆ పరిస్థితిలో 12 వేలకో 15 వేలకో ఒప్పుకోక ఏం చేస్తుంది?

కోర్టులు, ప్రభుత్వాలు ఏమీ చెప్పలేదని కాదు. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కేంద్రం వేసిన కమిటీ లెక్క కట్టి ఇచ్చింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదు. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. ఆ మధ్యలో ఉన్నవాటికి పది శాతం, పాతిక శాతం తగ్గింపుతో. కేరళలో నర్సులు వీధుల్లోకి వచ్చి పట్టుబట్టాక అక్కడ 2018లో కొత్త వేతనాలు వచ్చాయి. ఇదే బెంగళూరులో నిమ్హాన్స్ లాంటి కేంద్ర సంస్థలో నర్సింగ్ ఆఫీసర్‌గా చేరితే మొదటి రోజు మూలవేతనమే 44,900, దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం. 16 ఏళ్ల తర్వాత నా చేతికొచ్చేది ఆ మొదటి రోజు మూలవేతనం కంటే తక్కువ. ఓటీ టెక్నాలజీ చదివిన పిల్లలకు ఆ కమిటీ రక్షణ కూడా లేదు. అది నర్సుల గురించి వేసిన కమిటీ. ఓటీ టెక్నాలజీ వాళ్లను ఒక వృత్తిగా గుర్తించే చట్టం 2021లో వచ్చింది, అనస్థీషియా అసిస్టెంట్లు, టెక్నీషియన్లు ఆ జాబితాలో ఉన్నారు. రిజిస్టర్లు, కౌన్సిళ్లు పూర్తిగా నడిచి, రిజిస్ట్రేషన్ లేనివాళ్లను ఓటీలోకి రానివ్వని రోజు వస్తే వాళ్ల జీతానికి ఒక కనీస హద్దు దొరుకుతుందని నా ఆశ.

ఇక "అటెండెన్స్ అక్కర్లేదు" అనే మాట గురించి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను, ఎందుకంటే అలా చదివినవాళ్లలో నాకు తెలిసిన మంచి పిల్లలు ఉన్నారు. కానీ రాయక తప్పదు. మన జిల్లాల్లో ఏజెంట్లు దీన్ని సౌకర్యంగా అమ్ముతున్నారు. ఇంటి దగ్గరే ఉండి, పరీక్షలకు మాత్రం బెంగళూరు రండి, మిగతాది మేం చూసుకుంటాం అని. మెజెస్టిక్‌లో దిగి, పది రోజులు లాడ్జిలో ఉండి, పరీక్షలు రాసి వెళ్లే పిల్లల్ని నేను చూశాను. వార్డు మొహం చూడని పిల్లకు వార్డులో ఇన్ని వందల గంటలు చేసిందని మీరు సంతకం పెడతారు. ఆ పిల్ల మా ఓటీకి వచ్చి, సిరంజి పట్టుకోవడానికే భయపడుతూ నిలబడుతుంది. ఆమె తప్పేముంది? మేం నేర్పుతాం, నేర్చుకుంటుంది కూడా. కానీ మొదటి ఆరు నెలలు ఆమె నిలబడిన గదిలో బల్ల మీద పడుకున్న రోగి ఎవరో ఒకరి అమ్మ. ఆ సర్టిఫికెట్ వల్ల నిజంగా నాలుగేళ్లు వార్డుల్లో అరిగిపోయిన పిల్ల సర్టిఫికెట్ విలువ కూడా పడిపోతుంది. విదేశీ పత్రాల పరిశీలనలో ఆ గంటల మీద అనుమానం వస్తే మొత్తం దారే మూసుకుపోతుంది. మా జీతాలను తగ్గించేవాటిలో ఇదీ ఒకటి, దీన్ని ఆపడం పూర్తిగా మీ చేతిలో పని.

నేను అడిగేది పెద్దదేం కాదు. బ్రోచర్‌లో అమెరికా అంకె తీసేయండి. దాని స్థానంలో గత ఏడాది మీ కాలేజీలో పాసైన పిల్లలు ఎంతమంది, వాళ్లలో ఉద్యోగం ఎంతమందికి వచ్చింది, మొదటి జీతం ఎంత అని రాయండి. 14 వేలైతే 14 వేలనే రాయండి. అది చూసి కూడా చేరే పిల్లలు ఉంటారు, వాళ్లు ఈ పని మీద ఇష్టంతో వచ్చేవాళ్లు, ఎక్కువ కాలం నిలబడేవాళ్లు. ఓటీ టెక్నాలజీ నర్సింగ్ కాదని పెద్ద అక్షరాల్లో, తెలుగులో, తల్లిదండ్రులు సంతకం పెట్టే కాగితం మీదే వేయండి. ఆ చదువుతో వెళ్లగలిగే దారులు వేరే ఉన్నాయి, అవి చెప్పండి. గల్ఫ్‌లో అనస్థీషియా టెక్నీషియన్ ఉద్యోగాలు ఉన్నాయి, పత్రాల తనిఖీ, పరీక్ష దాటి వెళ్లినవాళ్లు మా దగ్గరే ఉన్నారు. గుండె ఆపరేషన్లు, అవయవ మార్పిడి జరిగే చోట రెండు మూడేళ్లు చేస్తే ఇక్కడే జీతం కొంచెం గట్టిగా అడగొచ్చు. ఇవి 15 లక్షలు కావు, కానీ జరిగేవి. ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇవ్వని ఆసుపత్రితో ఒప్పందం చేసుకోకండి. ఏజెంటుకు తలకింత అని ఇచ్చే కమిషన్‌లో సగం తీసి ఆ స్టైపెండ్‌లో కలపండి.

ఆసుపత్రుల యాజమాన్యాలకు, ప్రభుత్వానికి వేరే అడగాల్సినవి ఉన్నాయి. అవి మా నర్సులందరం కలిసి అడుగుతాం. మీతో విడిగా మాట్లాడుతున్నది ఎందుకంటే, మా వృత్తిలోకి వచ్చే ప్రతి పిల్లా మొదట దాటేది మీ గుమ్మమే.

మా మేనకోడలి సంగతి ఇంకా తేలలేదు. ఆమెకు నర్సింగ్ చదవాలని ఉంది. నేను చేసే పని చూశాక కూడా ఉందట. వేరే చోట సీటు దొరుకుతోంది. మీలో ఆ ఒక్కరి ఆఫీసుకు అన్న మూడుసార్లు తిరిగాడు. క్లాసులు మొదలే కాలేదు, అయినా ఫీజు వెనక్కి రాదన్నారు. సర్టిఫికెట్లు కావాలంటే మిగిలిన ఏళ్ల ఫీజు కూడా కట్టి తీసుకెళ్లమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని, అడ్మిషన్ రద్దు చేసుకుంటే ఫీజు తిరిగివ్వాలని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. నాలుగోసారి అన్నతో పాటు నేనూ వస్తున్నాను, నైట్ డ్యూటీ దిగి నేరుగా. పదో తరగతి, ఇంటర్ మార్కుల పత్రాలు, టీసీ, కుల ధ్రువపత్రం, మొత్తం నాలుగు కాగితాలు. దయచేసి కౌంటర్లో సిద్ధంగా ఉంచండి.

ఇట్లు,
ఒక ఓటీ నర్సు,
బెంగళూరు